బుడ్డకొండ మీదికి ఎక్కిన రాయి

నా చిన్నప్పుడు మా బుడ్డకొండను కొండ అన్నందుకు బళ్లో పిల్లలు నవ్వేవాళ్లు. ఉదయగిరి కొండను రోజూ చూసేవాళ్ల కంటికి అది ఆనదు మరి. ఒక తాటిచెట్టు మీద ఇంకొకటి నిలబెడితే ఎంతో దాని ఎత్తు అంతే. మొన్న మా మనవడు ప్రపంచంలోని చిన్న కొండలంటూ ఫోన్‌లో చూపించాడు. ఏదో దేశంలో నడుమెత్తు కూడా లేని బండను కొండ అని పిలుచుకుంటూ చుట్టూ కంచె కట్టుకున్నారట. నాకు కడుపు నిండినట్టయింది.

వానాకాలంలో మా గొర్రెలకు మేత ఆ బుడ్డకొండ మీదే. చిన్నది కాబట్టి మావాళ్లకు దాని గురించి బెంగ ఎక్కువ. ఎక్కే ప్రతివాళ్లూ కిందికి దొర్లిన రాయి ఒకటి తీసుకుపోయి పైన పెట్టాలి. కొండ తరిగిపోకూడదని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

ఒకనాడు పక్క ఊరివాళ్లు పునాదికని ట్రాక్టర్ తెచ్చి ఆ రాళ్లు నింపుకున్నారు. మా నాయన అడ్డం నిలబడ్డాడు. మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి. ఒకడి చెవి తెగి వేలాడింది. ఇంకొకడు నెత్తురుతో పాటు పళ్లు ఉమ్మాడు. ట్రాలీ మీదున్నవాడు పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తి వేస్తే అది నాయన మోకాలి మీద పడింది. ఎముక విరిగి బయటికి వచ్చింది. ఆ చప్పుడు నేను విన్నాను.

మా చిన్నాయన గొడ్డలి తీసుకుని వాడి మీదికి ఉరికాడు. నరికేవాడే. మా అవ్వ ఎదురుపోయి, కొడుకుకు ఆ నెత్తుటి రాయి చూపించింది.

"నరుకుదువులే, నేను వద్దన్నానా. ముందు దీన్ని పైన పెట్టిరా. మీ అన్న నెత్తురు ఉండాది దాని మీద. వాళ్ల చేత తొక్కిస్తావా?"

"ఇప్పుడు ఏందిమా ఇది" అని చిన్నాయన అరిచాడు.

అవ్వ కదల్లేదు. కట్టుబాటును కాదనడం ఆయన వల్ల కాలేదు. ఆ రాయి ఒంటిచేత్తో లేచేది కాదు, గొడ్డలి కింద పెట్టక తప్పలేదు. ఆయన నాలుగడుగులు ఎక్కాడో లేదో, అవ్వ గొడ్డలి మీద చీరచెంగు కప్పి దాని మీదే కూర్చుంది.

పైన రాయి దించి చిన్నాయన అక్కడే కూలబడి బావురుమన్నాడు. పెద్ద కొండ అయితే ఆ ఏడుపు కింద ఎవరికీ వినపడేది కాదు. మాది చిన్న కొండ. కర్రలు పట్టుకున్న అందరికీ వినపడింది. కాసేపటికి, రాయి వేసినవాడే ముందుగా ట్రాలీలోని రాళ్లు దించడం మొదలుపెట్టాడు. ఖాళీ చేసిన ఆ ట్రాలీలోనే నాయనను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

నాయన బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. రాయి వేసినవాణ్ణి ఆయన క్షమించాడేమో, నేను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. అయినా మా ఇంట్లో ఎవరికి కోపం నెత్తికెక్కినా నేను బుద్ధులు చెప్పను. రెండు చేతులా మోయాల్సిన బరువు ఏదో ఒకటి చూపించి, దాన్ని అక్కడ పెట్టి వచ్చి మాట్లాడమంటాను. వాళ్లు తిరిగి వచ్చేదాకా మా అవ్వలాగే కదలకుండా కూర్చుంటాను.