చోబే ఒడ్డున రాబందులు

కసానేలో విమానం దిగేసరికి మధ్యాహ్నం. అక్టోబరు నెల. బోట్స్వానాలో వానలకు ముందు కాసే ఎండ అది. జీపు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. అప్పుడు నేను సిగ్నల్స్ హవల్దారుని. అక్కడి సైన్యానికి రేడియో పని నేర్పడానికి మన దేశం నుంచి వెళ్ళిన బృందంలో ఒకణ్ణి.

ఆ దేశంలో ఎక్కువ భాగం కలహారి ఇసుక. ఒకవాంగో నది సముద్రం దాకా పోదు, ఆ ఇసుకలోనే ఇంకిపోతుంది. వానను వాళ్ళు ‘పులా’ అంటారు. డబ్బుకీ అదే పేరు. ఉత్తరాన చోబే నది. పొద్దు వాలితే ఏనుగులు బారులు తీరి నీళ్ళకు దిగేవి. నీటిగుర్రాలు, అడవిదున్నలు, ఇంపాలా జింకలు. వాటికి కాపలా సైనికులే.

ఒక ఉదయం గస్తీతో నేనూ వెళ్ళాను. వీపున రేడియో సెట్, నడుముకు నీళ్ళ సీసా. ముందు నడుస్తున్నవాడు జాడలు తీసే సార్జెంటు. కుళ్ళిన వాసన వచ్చింది. అతను ఆగి పైకి చూశాడు.

“వాసన ఉంది. ఆకాశంలో రాబందులు లేవు. ఇది మంచిది కాదు.”

పొదల వెనక ఆడ ఏనుగు. దొంగ వేటగాళ్ళు ముఖం గొడ్డళ్ళతో నరికి దంతాలు పట్టుకుపోయారు. చుట్టూ చచ్చిపడిన రాబందులు. అవి పైన తిరిగితే మాకు జాడ తెలుస్తుందని ఏనుగు మాంసంలో విషం కలిపారు.

సెట్ అందుకున్నాను. “ఏనుగు ఒకటి. రాబందులు చాలా. ఓవర్.”

“ఎన్నో చెప్పు. ఓవర్,” అన్నాడు క్యాంపు ఆపరేటర్.

“నా వల్ల కాదు. ఓవర్.”

వేటగాళ్ళ అడుగులు నది దాకా వెళ్ళి ఆగాయి. అవతలి ఒడ్డు వేరే దేశం. దాటమని ఆర్డర్ రాలేదు. తుపాకులు పట్టుకుని నీళ్ళు చూస్తూ నిలబడ్డాం.

తరువాత ఇంటికొచ్చాను. రిటైరయ్యాను. ఇప్పుడు సింగపూర్‌లో, రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక ఆఫీసుకు సెక్యూరిటీ చూస్తున్నాను. తంజోంగ్ పగార్‌లో మా పక్క ఫ్లాట్ గుంటూరు అతను మొన్న భోజనానికి పిలిచాడు. ఆఫ్రికా సఫారీకి వెళ్తున్నారట.

“అంకుల్, అక్కడ ఐవరీ గాజులు చీప్‌గా దొరుకుతాయంట గదా? ఆంటీకీ ఓ జత తేనా?”

“డాడీ, కెనాట్ లా! ఇల్లీగల్!” అంది అతని కూతురు, సింగపూర్ యాసలో.

“ఆ గాజుల కోసం ఏనుగు ముఖం నరుకుతారయ్యా,” అన్నాను. గొంతు లేచింది.

“ఊరికే అడిగా అంకుల్. అంత సీరియస్ ఎందుకు?”

“ఊరికే అడిగేవాళ్ళ కోసమే నరుకుతారు.”

అన్నం వదిలేసి లేచి వచ్చేశాను. క్షమాపణ చెప్పలేదు, చెప్పను.

ఆ రోజు చచ్చినవాటి మధ్య ఒక రాబందు ఇంకా బతికే ఉంది. విషం సోకుతుంది, ముట్టుకోవద్దన్నాడు సార్జెంటు. తల వాలిపోయింది. ఒక్క రెక్క మాత్రం ఎగరాలని ఇసుకను తోస్తూనే ఉంది. మేము వెనక్కి తిరిగేటప్పటికీ తోస్తూనే ఉంది.