కారణం తెలియదు

బస్సులో కండక్టరు టికెట్ మిషన్ కర్రుమన్నప్పుడల్లా నా ముక్కులోకి అమ్మోనియా ఘాటు ఎక్కుతుంది. లేని వాసనకు ముక్కు మూసుకునే నన్ను చూసి పక్క సీటాయన తన చొక్కా వాసన చూసుకుంటాడు. తప్పు ఆయనది కాదు, నా తెలివితక్కువతనానిది. ఎనభైల్లో గుంటూరులోని ఒక చిన్న కంపెనీలో, మిరప కోల్డ్ స్టోరేజీలను కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్‌కి నేను కెర్నెల్ రాశాను. కెర్నెల్ అంటే అన్ని పనుల్నీ నడిపించే మేస్త్రీ లాంటి ప్రోగ్రాము. పని మధ్యలో ఏదో ఒక యంత్రం ఈ మేస్త్రీ చొక్కా పట్టి లాగి 'ఇటు చూడు' అంటే అది ఇంటరప్ట్, మన భాషలో అంతరాయం. లాగిందెవరో తెలియకపోతే? ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిలో పడమని ఒకే ఒక్క లైను రాశాను. తలుపు చప్పుడైతే 'ఇంట్లో ఎవరూ లేరు' అని లోపల్నుంచి కేకేసేవాడి తెలివి అది.

ఆ లైను మీద వేలు పెట్టింది మా పై ఇంజనీరు కరుణమ్మ గారు. ఒకప్పుడు పొదిలిలో లెక్కలు చెప్పిన మనిషి. తప్పు కనబడితే చెయ్యి దానంతటదే చాక్‌పీసు కోసం వెతికేది.

"ఏమయ్యా శేషూ, ఎవరో పిలిస్తే పలక్కుండా పోతావేం?"

"ఎవరో తెలియదు కదండీ. పోనీ, అంతా ఆపేయమంటారా?"

"ఆపితే ఫ్యాన్లూ అలారమూ కూడా ఆగుతాయి. లోపల మనుషులుంటారయ్యా. పని సాగనీ. ఎప్పుడొచ్చింది, అప్పుడు ఏ మిషన్ తిరుగుతోంది, ప్రింటర్ మీద కొట్టు. పక్కన 'కారణం తెలియదు' అని వెయ్యి. మాటిమాటికీ వస్తుంటే గంట మోగించు."

"అంత రాయాలాండీ?"

"అంతరాయం వస్తే అంతా రాయాల్సిందే."

గొణుక్కుంటూనే రాశాను. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, మా కంప్యూటర్ బిగించిన కోల్డ్ స్టోరేజీలో మేమిద్దరం ఉండగా ప్రింటర్ కర్రుమంది. ఆగి, మళ్ళీ కర్రుమంది. తర్వాత గంట మోగింది.

అక్కడి సూపర్‌వైజరు నవ్వాడు. "ఇందాకట్నుంచి ముఠా కూలీలదీ ఇదే గోలండీ, కళ్ళు మండుతున్నాయంట! మిరప టిక్కీ బస్తాలు మోసేవాళ్ళకి కళ్ళు మండక చల్లగా ఉంటాయా?"

కరుణమ్మ గారు నవ్వలేదు. కాగితం మీద ప్రతి లైనులోనూ రెండో కంప్రెసరే ఉంది.

"దాని గొట్టం ఎటు పోతుంది?"

"ముఠావాళ్ళున్న గదికేనండీ."

"ఆపించండి దాన్ని!" అంటూ ఆవిడ పరుగెత్తారు.

తలుపు తీయగానే వచ్చింది మిరప ఘాటు కాదు, గదుల్ని చల్లబరచడానికి గొట్టాల్లో తిరిగే అమ్మోనియా, గొంతు పిసికేలా. కూలీలు దగ్గుతూ ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. "యాకోబు మేస్త్రీ ఏడిరా?" అని ఎవరో అరిచారు. లోపలికి పిలిచాం. పలుకు లేదు. కరుణమ్మ గారు కొంగు నీళ్ళలో ముంచి ముక్కుకి చుట్టుకుని, ఇద్దరు మనుషులతో లోపలికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. గాలి లేకపోయినా నా చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. పిలిస్తే పలక్కపోవడం ఎంత భయంకరమో ఆ కాసేపట్లో తెలిసింది. యాకోబును మోసుకొచ్చారు. మొహాన ఎన్ని నీళ్ళు పోశాకో కళ్ళు తెరిచి, "బస్తాల దొంతి సగమే అయిందండీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

లోపల గొట్టానికి బిగింపు ఊడింది. కంప్రెసర్ తిరిగినప్పుడల్లా అది అదిరి, అతుకు దగ్గర కారుతూ, కంప్యూటర్‌కి పోయే మా వైరుని తడుతోంది. నా మొదటి లైనే ఉండి ఉంటే ఆ గంట మోగేది కాదు.

అప్పట్నుంచి కరుణమ్మ గారికో అలవాటైంది. నేను పనిలో ఉండగా వచ్చి, కుర్చీ వెనక నిలబడి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది. ప్రతిసారీ ప్రింటర్ కాగితం చుట్ట మీద తేదీ, టైము వేసి పక్కన రాసుకున్నాను: 'అంతరాయం. కారణం తెలియదు. పని సాగుతోంది.' ఏళ్ళ తరబడి రాశాను. ఆవిడ రిటైరైన రోజు సభలో ఆ చుట్ట మొత్తం విప్పి చదివాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడా నవ్వి, పెన్ను అడిగి, చివర ఒక్క లైను రాసి, చుట్ట నాకే తిరిగిచ్చేశారు.

'కారణం: ఆ రోజు నీ చేతుల వణుకు చూశాను. తగ్గిందేమో చూద్దామని.'

ఆ ముక్క చింపి పర్సులో పెట్టుకున్నాను. టికెట్ కోసం పర్సు తీసినప్పుడల్లా వేళ్ళకి తగులుతుంది.