నాలుగో చక్రానికి కందెన

ఆ రోజుల్లో ఇంటికి కారు రావడమంటే ఏనుగు రావడమే. దాన్ని ఎక్కడ కట్టాలో, దానికేం పెట్టాలో ఎవరికీ తెలియదు, అయినా ఊరంతా సలహాలు చెప్పేది. అరవైల మొదట్లో జగ్గయ్యపేటలో మా మేనమామ ఒక నల్ల కారు కొన్నాడు. పాతదే, కాని మరీ పాతదేం కాదు, మూడు చేతులు మారిందంతే. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. బెజవాడ పంపించి చదువుకోమంటే పరీక్ష తప్పి, కారు తోలడం నేర్చుకుని, లైసెన్సు కాయితం జేబులో పెట్టుకుని తిరిగొచ్చిన ఘనుణ్ని. (నిద్రలో కూడా ఆ జేబు మీద చెయ్యి వేసుకునేవాణ్ని.) మావయ్య నాకొక నెల గడువు పెట్టాడు. ఈ నెలంతా కారు నువ్వే చూసుకో, నందిగామ బడి వార్షికోత్సవానికి నన్ను తీసుకెళ్లి తీసుకురా, ఆ తర్వాత నిన్నుంచుకోవాలో బెజవాడ నుంచి అసలు డ్రైవర్ని పిలిపించుకోవాలో తేలుస్తానన్నాడు. ఆ సీటు పోతే నాకిక లోకంలో కూర్చునే చోటే లేదనిపించింది.

కారుకున్న జబ్బల్లా ఒకటే, మోత. కంకర రోడ్డు మీద రాళ్లు ఎగిరి మడ్‌గార్డుల లోపల తగులుతుంటే, మూకుట్లో జొన్నలు వేయించినట్టు ఒకటే పటపట. మావయ్య మాటకారి. దారి పొడుగునా తన మాట తనకే వినపడకపోవడం ఆయనకు ప్రాణసంకటంగా ఉండేది. బెజవాడలో నాకు తెలిసిన మెకానిక్కు దీనికి మందు చెప్పాడు. రబ్బరు కలిపిన నల్లటి పూత ఒకటి వచ్చిందట, మడ్‌గార్డుల లోపల పూస్తే రాళ్ల మోత తగ్గుతుంది, తుప్పూ పట్టదు. చక్రాలు విప్పాలి, వైరు బ్రష్షుతో మట్టి గోకాలి, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, బాగా ఆరాక పల్చగా ఒక పూత, మర్నాడు ఇంకో పూత. బ్రేకు డ్రమ్ములకు మాత్రం అంటకూడదు. డబ్బా ఒకటి నాలుగు చక్రాలకూ సరిపోతుంది అన్నాడు. ఆ 'పల్చగా' అన్న మాట దగ్గర నేను దిక్కులు చూస్తున్నట్టున్నాను.

వార్షికోత్సవం ఎల్లుండనగా పని మొదలుపెట్టాను. మట్టి గోకడానికే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. నల్లరేగడి ఎండిపోయి ఇనుముకు ఇనుమై కూర్చుంది. ఆ చక్రాల గూళ్లలోంచి రాలిన మట్టితో అరెకరం సాగు చేయొచ్చు. ఆ తర్వాత డబ్బా మూత తీశాను. లోపల తారులాంటి, తారు కంటే నిగనిగలాడే ముద్ద. ఖరీదైన సరుకు కదా, దండిగా పడితేనే మన్నుతుందనుకుని గోడకు పిడకలు కొట్టినట్టు కొట్టుకుంటూ పోయాను. ముందు చక్రాలు రెండూ అయ్యాయి, వెనక కుడిది అయింది. వెనక ఎడమదానికి వచ్చేసరికి డబ్బాలో అడుగు కనిపించింది. బ్రష్షు పెట్టి ఎంత గీకినా రేకు చప్పుడే.

మావయ్య వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నాకూ ఆయనకూ మధ్య పదిహేనడుగులు. వెళ్లి డబ్బా అయిపోయిందంటే, తెల్లారి మొదటి బస్సుకు బెజవాడ పంపించి ఇంకోటి తెప్పించేవాడు. కాని ఆ మాట అనడమంటే నాకు పని రాదని ఒప్పుకోవడమేననిపించింది. మంచినీళ్ల వంకతో ఆయన ముందు నుంచి మూడుసార్లు వెళ్లొచ్చాను. మూడోసారి ఆయన పేపరు దించి, పనెంతదాకా వచ్చిందిరా అని అడిగాడు. "అయిపోవచ్చింది మావయ్యా" అన్నాను.

నా అవస్థ కనిపెట్టినవాడు బండి తాత. మావయ్య ఇంట్లో రెండెడ్ల బండిని ముప్ఫై ఏళ్లుగా తోలుతున్న మనిషి, కారు మీద ఆయనకు మొదటి రోజు నుంచీ చిన్నచూపే. బండి కింద వేలాడే వెదురు గొట్టం విప్పి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఇరుసుకు రాసే కందెన ఉంది, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరింది.

"దీన్ని మించిన నలుపేదన్నా ఉంటే చూపించు చినబాబూ, గొట్టం కిష్ణలో పారేస్తా."

"ఇది ఆరుద్దా తాతా?"

"ఆరితే అది కందెనెందుకవుద్ది?" అన్నాడు.

నిజానికి నా ప్రశ్నకు అదే జవాబు. కాని నాక్కావలసింది జవాబు కాదు, నలుపు. గొట్టం మొత్తం నాలుగో గూట్లో మెత్తేశాను. దూరంనుంచి చూస్తే నాలుగూ కవల పిల్లల్లా ఉన్నాయి.

వార్షికోత్సవం రోజు మావయ్య మల్లెపువ్వులాంటి పంచె కట్టి వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాడు. పేట దాటి రోడ్డెక్కాం. మోత బాగా తగ్గింది. ఆయన సభలో ఇవ్వబోయే ఉపన్యాసమంతా నాకు అప్పజెప్పి, మధ్యలో ఆగి, "హాయిగా ఉందిరా. ఇంక వేరే డ్రైవరెందుకులే" అన్నాడు. నా ఛాతీ స్టీరింగుకు తగిలింది. అయితే అది పత్తి మిల్లులకు చేరే రోజులు. నందిగామ దగ్గర పడేకొద్దీ ముందంతా పత్తి బండ్లు, రోడ్డంతా రాలిన దూది. మూడు చక్రాలకు ఏమీ అంటలేదు. నాలుగోది మాత్రం దారిలో కనిపించిన ప్రతి పోగునూ ఆప్యాయంగా చేరదీసుకుంది. ఆముదం వాసన కారంతా నిండింది. ఎవరికో తలంటి పోస్తున్నట్టుందే అన్నాడు మావయ్య. చక్రానికి ఏదో ఒరుసుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది, విననట్టు తోలాను.

బడి ముందు హెడ్మాస్టరుగారు దండతో ఎదురొచ్చారు. మావయ్య తలుపు తీసుకుని దిగుతూ, ఎండకు కరిగి మడ్‌గార్డు అంచు దాటి కారుతున్న కందెనకు పంచె ఆనించాడు. మోకాలి నుంచి మడమ దాకా నలుపు, ఆ నలుపు మీద దూది. వంగి చక్రం వైపు చూశాడు. లోపల ఒక పరుపుకు సరిపడా పత్తి, దాని మధ్యలో ఒక ఎండు మిరపకాయ. వేలితో ముట్టి, వాసన చూశాడు. పుట్టుకతో రైతు, కందెనకు పరిచయాలు అక్కర్లేదు.

"తాళాలిలా ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. వాటిని జేబులో వేసుకుని, అదే పంచెతో వేదికెక్కి, ఈ నలుపు మా బండి ఇరుసుది, కారెక్కినా వదల్లేదు అని మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వెనక బెంచీలో కూర్చుని, తాళాలున్న ఆ జేబు వైపే చూశాను.

సభ అయ్యాక వచ్చి వెనక సీట్లో, ఈసారి కుడివైపు, కూర్చున్నాడు. నేను బయటే నిలబడ్డాను. తోలేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆయనకది గుర్తుకు రావడానికి కొంచెంసేపు పట్టింది. తాళాలు కిటికీలోంచి బయటికొచ్చాయి. పేట పొలిమేర చేరాక నెమ్మదిగా అడిగాడు.

"డబ్బా అయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"రాలేదు మావయ్యా."

"ఇప్పుడొచ్చిందిగా. రేపు ఆ కందెనంతా గోకు. ఎల్లుండి వెళ్లి ఇంకో డబ్బా తెచ్చుకో. తోలడంలో నీకు వంకేం లేదు."

రెండు బుడ్ల కిరసనాయిలు పోసి గోకాను. నాలుగో చక్రానికి పల్చగా రెండు పూతలు వేశాను, ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కారు నేనే తోలాను. మావయ్యకు అప్పుడున్న వయసు ఇప్పుడు నాకొచ్చింది. ఇంట్లో కుర్రాళ్లెవరైనా వచ్చి అంతా బాగానే ఉందని మరీ గట్టిగా చెబితే, నేనేమీ అనను. మెల్లగా లేచి, వెనక ఎడమవైపు ఏముందో చూసొస్తాను. చాలాసార్లు అక్కడ మసి చేతులతో, మూసిన నోటితో నిలబడి, ఇరవయ్యేళ్ల నేనే కనిపిస్తుంటాను.