మా అంతస్తులోని నటి

టొరంటోలోని నార్త్ యార్క్‌లో మేముండే బిల్డింగ్‌లో ఆ ఏడాది ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. మాలాంటి విద్యార్థులు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. చూడని గదికి అడ్వాన్స్ కట్టి మోసపోయినవాళ్ళు మా క్లాసులోనే ఉన్నారు. ఎప్పటినుంచో ఉంటున్నవాళ్ళు మమ్మల్ని చూస్తే లిఫ్టులో మాటలు ఆపేసేవారు. మేమూ వాళ్ళను చూసి అలాగే ఆపేసేవాళ్ళం. అందుకే మా అంతస్తు చివరి ఫ్లాటులో ఒంటరిగా ఉండే నల్లజాతి ఆవిడ ఒక మధ్యాహ్నం నన్ను ఆపి, "నీకు గట్టిగా పైకి చదవడం వచ్చా?" అని అడిగేసరికి ముందుగా నా చెయ్యి బ్యాగు మీదికి పోయింది.

ఆవిడకు అరవై దాటి ఉంటాయి. తాను నటినని చెప్పింది. ఎప్పుడో ఆడిన నాటకంలోని తన మాటలను మళ్ళీ నోటికి తెచ్చుకోవాలట. ఎదుటి పాత్రల మాటలు చదివిపెట్టే మనిషి కావాలట.

"మీ ఫ్రెండ్స్ ఎవరూ లేరా?" అన్నాను.

"ఉన్నవాళ్ళందరూ నటులే. ఈ సంగతి వాళ్ళకు తెలియకూడదు" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే, నేను అక్కా అని పిలిచే మా రూమ్మేటు చేస్తున్న వంట ఆపేసింది. ఆమెది కరీంనగర్.

"ఎవ్వలకు తెల్వద్దన్నదంటే ఏదో ఉన్నట్టే గదా. పోకు. పోతే మాత్రం తలుపు తీసే ఉంచుమని చెప్పు."

వెళ్ళాను. తలుపు తీసే ఉంచమన్నాను కూడా. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, తలుపు మూసుకుపోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టింది.

రైళ్ళలో ప్రయాణికుల పనులు చేసిపెట్టే నల్లజాతి పోర్టర్లకు గదులిచ్చి భోజనం పెట్టే ఒక విధవరాలి కథ ఆ నాటకం. ఇరవై ఏళ్ళ కిందట చిన్న థియేటర్‌లో మొదలై, జనం ఎగబడి చూస్తే ఊరూరా ఆడారట. ఆ విధవరాలి వేషం వేసింది ఈవిడే. ఇప్పుడు దాన్ని సినిమాగా తీస్తున్నారు. వచ్చి ఒకసారి మాట్లాడమని కబురు పెట్టారు. వేషం ఇస్తామని మాత్రం అనలేదు. ఇవ్వకపోతే తోటి నటుల ముందు చులకనవుతానని ఆవిడ భయం.

"మరి మిమ్మల్ని ఎందుకు రమ్మన్నారు?"

"అదే నాకూ అనుమానం. స్టేజీ మీద నేను రాణినయ్యాను, హంతకురాలినయ్యాను. కెమెరా ముందు మాత్రం ముప్ఫై ఏళ్ళుగా నర్సుని, జడ్జిని, లేదంటే కొడుకు పోయిన తల్లిని. వాళ్ళకు ఇన్నేళ్ళ తర్వాత నేను ఊరికే గుర్తొస్తానా?"

ఆవిడ తన పాత్ర మాటలు చెబుతుంటే నేను చదవాల్సిన వరుస మరిచిపోయేదాన్ని. అయినా నాలో అనుమానం తగ్గలేదు. ఒకరోజు యూట్యూబ్‌లో ఆవిడ పాత ఇంటర్వ్యూలు వెతికాను. ఒకదాంట్లో జమైకాలో పుట్టానంటోంది. ఇంకోదాంట్లో ఘనాలో పుట్టానంటోంది. మా అక్క నా భుజం మీదుగా చూసి, "నేను చెప్పలే?" అంది.

మర్నాడు ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నేను పుట్టింది ఈ దేశంలోనే, హాలిఫాక్స్‌లో. మావాళ్ళు అక్కడికొచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. కానీ హాలిఫాక్స్ అంటే ఎవరూ ఊరుకోరు. 'అది కాదు, అసలు ఎక్కడినుంచి?' అంటారు. వయసులో ఉన్నప్పుడు విసిగిపోయి, వేషం ఏ దేశానిదైతే ఆ దేశం పేరే చెప్పేదాన్ని. అప్పుడు నమ్మేవాళ్ళు."

మాట్లాడటానికి వెళ్ళే రోజు నన్నూ తోడు రమ్మంది. సబ్‌వే రైల్లో నా చెవి దగ్గరగా వంగి, "మాట్లాడేటప్పుడు నేను వాళ్ళ మొహాలు గమనించలేను. నువ్వు చూడు" అంది.

ఆఫీసులో ముగ్గురున్నారు. మీరు లేకపోతే అసలు ఈ కథే లేదన్నారు. కాఫీ ఇచ్చారు. పొగుడుతున్నకొద్దీ ఆవిడ వీపు బిగుసుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి దర్శకుడు అసలు సంగతి చెప్పాడు. అమెరికా నుంచి పేరున్న నటి వస్తోంది. ఆ విధవరాలి యాస, నడక, కూర్చునే తీరు ఆమెకు ఈవిడ నేర్పాలి.

ఆవిడ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. తర్వాత, "నేర్పేముందు నాకు ఇంకా వచ్చో లేదో చూసుకోనివ్వండి" అని లేచి నిలబడి, నా వైపు తిరిగి తలూపింది.

నా గుంటూరు యాస ఇంగ్లీషులో ఒక పోర్టర్ మాటలు చదివాను. ఇంటికి రాని ఇంకో పోర్టర్ కోసం ఆ విధవరాలు అన్నం తీసి ఉంచే ఘట్టమది. ఆవిడ గొంతు పెంచలేదు. చెప్పినట్టే వాళ్ళ మొహాలు చూశాను. ఒకామె కళ్ళు తుడుచుకుంది. దర్శకుడు మాత్రం చివరిదాకా తల వంచుకునే ఉన్నాడు.

బయటికొచ్చాక ఆ మాటే చెప్పాను. "తల దించుకున్నాడంటే ఇవ్వడన్నమాటే" అంది. ఆవిడ అనుకున్నట్టే వాళ్ళు మళ్ళీ ఫోను చేయలేదు.

ఫోను చేసింది ఆ అమెరికా నటి. అప్పుడు నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. స్పీకర్ పెట్టి, నన్ను కదలొద్దని సైగ చేసింది. నేర్పించే ఆలోచన తనది కాదని ఆ అమ్మాయి చెప్పింది. చిన్నప్పుడు అమ్మమ్మతో వచ్చి ఆ నాటకం చూశానని, ఈవిడతో కలిసి నటించకపోతే తనకా సినిమాయే వద్దని చెప్పేశానని అంది. ఈవిడ కోసం విధవరాలి అత్త పాత్ర ఒకటి రాయిస్తున్నారట.

ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "నమ్మొచ్చంటావా?" అంది.

"నాకు తెలియడం లేదు" అన్నాను. నిజంగానే తెలియలేదు.

ఆవిడ చెయ్యి తీసి, "నా దగ్గర నీకేం కావాలి?" అని సూటిగా అడిగేసింది. అవతల ఆ అమ్మాయి నవ్వింది. "మీతో మూడు సీన్లు. అంతే" అంది.

ఆవిడ ఒప్పుకుంది. షూటింగ్ అయిపోయేదాకా ఆ అమ్మాయి మాటకు ఇంకో అర్థం వెతుకుతూనే ఉంది. దొరకలేదు. మూడు సీన్లలో ఒకటి కత్తిరించారు. మిగిలిన రెండూ చూసి నాటకాల వాళ్ళు ఆవిడను మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు.

చదువయ్యాక నాకు ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది. తర్వాతి చలికాలం ఆవిడా, ఆ అమెరికా నటీ కలిసి టొరంటోలో ఒక నాటకం వేస్తున్నారని తెలిసి, సెలవు పెట్టి వెళ్ళాను. హాలు కిటకిటలాడుతోంది. చివర్లో జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. మేకప్ గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ ఇంకా విగ్గు కూడా తీయలేదు. నన్ను గట్టిగా కౌగిలించుకుని, తలుపు మూసి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. హాలు నిండిందా, టికెట్లు ఊరికే పంచారా?"

"నేను కొనుక్కునే వచ్చాను. నాకు దొరికింది చివరి వరుస" అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, అప్పుడు విగ్గు తీయడం మొదలుపెట్టింది.