సాక్ష్యానికెక్కిన ‘ఆయ్’

ఆ రోజు నేనన్న ‘ఆయ్’ అవునని కాదు. ఇన్నేళ్ళుగా ఇదే చెబుతున్నాను.

తొంభైల చివర్లో అమలాపురంలో డిగ్రీ చదివేదాన్ని. మా ఊరు కాట్రేనికోన దాటాక, సముద్రం వైపు. నాన్న పడవ మీద చేపల వేటకి వెళ్ళేవాడు.

తెలుగు మాస్టారు ఒక ఆధునిక కథ చెబుతున్నారు. అందులో పెద్దగా ఏమీ జరగదు. వేటకి బయల్దేరిన మనిషిని భార్య “ఎక్కడికి?” అని అడుగుతుంది. అతను వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఇక ఆ రోజు వెళ్ళడు. అంతే కథ. మాస్టారు లావుపాటి మానవశాస్త్రం పుస్తకం తెరిచి, ఎక్కడో దీవుల్లో తెగలు మాటకి ఎలా భయపడతాయో చదివి వినిపించారు. “ఇదే ఆదిమ మనస్తత్వం. కథకి కీలకం ఇదే” అని నా వైపు తిరిగారు.

“ఏమ్మా, మీది సముద్రం వైపు కదూ? మీ వాళ్ళల్లో ఇదింకా ఉందన్నమాట!”

“ఆయ్” అన్నాను.

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊపిరి తీసినంత అలవాటుగా వచ్చే మాట అది. వింటున్నానండీ అని. మాస్టారిదీ అమలాపురం దగ్గరే, కొత్తపేట. ఆ సంగతి ఆయనకి తెలీదంటే ఇప్పటికీ నమ్మను.

వెనక బెంచీలోంచి “ఆదిమ మానవురాలండోయ్!” అని వినిపించింది. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు.

వారం తిరక్కుండా ఆయన బల్ల మీద టైపు చేసిన వ్యాసం చూశాను. రాజమండ్రి సదస్సులో చదవబోయేది. ‘తీరప్రాంత విద్యార్థిని ఒకరు దీన్ని ధ్రువీకరించారు’ అని ఉంది. ఆ క్లాసులో సముద్రం వైపు నుంచి వచ్చేది నేనొక్కదాన్నే. నాలుగు రోజులు అన్నం సహించలేదు. మా నాన్న ఆదిమ మానవుడని పదిమందిలో చదివేస్తారు. సాక్షిని నేను.

అప్పుడు గుర్తొచ్చింది. మబ్బు కమ్మిన రోజున నాన్న ఎంత చెప్పినా వినకపోతే, అమ్మ గుమ్మంలోంచి “ఎక్కడికయ్యా?” అనేది. కావాలనే. నాన్న తిట్టుకుంటూ చతికిలబడేవాడు. కథలో ఆవిడకీ మొగుణ్ణి ఆపడానికి ఆ ఒక్క మాటే ఉంది. మాస్టారు మొగుడి భయం చూశారు. ఆవిడ భయం చూడలేదు.

సదస్సు రోజు ఆయన సంచీ భుజాన వేసుకుని స్టాఫ్ రూమ్ గడప దాటుతుంటే ఎదురెళ్ళాను.

“మాస్టారూ, ఎక్కడికండీ?”

ఆయన కాలు ఆగిపోయింది. “ఎందాకా అనాలమ్మా! బయల్దేరేటప్పుడు ఎక్కడికేంటి?” అని విసుక్కుంటూ వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అటెండరు చేత మంచినీళ్ళు తెప్పించుకున్నారు.

“మీ వాళ్ళల్లో కూడా ఉందాండీ?” అన్నాను.

“ఇది ఉత్త అలవాటమ్మా.”

ఆయన నీళ్ళు తాగేలోపే గబగబా చెప్పేశాను. కథలో ఆవిడ కావాలనే అడిగిందని, ఎందుకు అడిగిందో. నా ఆయ్ సాక్ష్యం కాదని. ఆ వాక్యం కొట్టెయ్యమని.

గ్లాసు కింద పెట్టి, గోడ గడియారం చూస్తూ, “ఆయ్, ఆయ్” అన్నారు.

అవునన్నారనుకుని ఇంటికెళ్ళి, నాలుగు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

మరుసటి ఏడు ఆ వ్యాసం పుస్తకంలో అచ్చయింది. కథలో భార్య కావాలనే అడిగిందన్న ముక్క కొత్తగా చేరింది, ఆయన సొంత ఊహగా. దాని కిందే తీరప్రాంత విద్యార్థిని ఇంకా ధ్రువీకరిస్తూనే ఉంది.