బరువు తెలిసే బండి

మా చిన్నాన్న పోయాడన్న కబురు ఆయన ఫోనులోంచే వచ్చింది. పొద్దున్న పదిన్నరప్పుడు నా షాపులో ఎవరివో ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తున్నాను. తెర మీద చిన్నాన్న పేరు చూసి, "కాంప్లెక్స్‌లో దిగీసినావేటి?" అని అడిగాను. అవతల గొంతు చిన్నాన్నది కాదు, బస్సు కండక్టరుది. "బస్సు కాళీ అయిపోనాదమ్మా. ఈ పెద్దాయన ఎనక సీట్లో కూకున్నాడు, దిగమంటే దిగట్నేదు. ఆకరి ఫోను మీకే ఉన్నాది," అన్నాడు.

షాపు తెరిచి ఉంచే బస్‌స్టాండుకి పరిగెత్తాను. చిన్నాన్న చివరి సీట్లో ఓ మూలకి కూచుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెవి మీద కాల్చని బీడీ. ఒళ్ళో సంచీ, అందులో నా కోసం కట్టిన ఎండు నెత్తళ్ళ పొట్లం. ముందు రోజు ఫోను చేసి, "రేపొస్తాను గుంటా, నిన్నో మాట అడగాల," అన్నాడు. ఆ మాట అడక్కుండానే పోయాడు. అదేమిటో నాకు తెలుసుననే అనుకుంటున్నాను. అందుకే ఇది రాయడం.

చిన్నాన్న ఎప్పుడూ చివరి సీటే. ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కుదుపులు తినడానికి వెనక్కే పోయేవాడు. ఆటో ఎక్కితే వెనక్కి తిరిగి కూచునే బల్ల మీద. పెళ్ళి భోజనాల్లో వరస చివర. పదిమందితో నడుస్తుంటే చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగి, అందరినీ ముందుకి పోనిచ్చేవాడు. తెలియనివాళ్ళు అది వినయమనుకునేవారు. తన వెనకాల మనిషి ఉండకూడదని ఆయన పట్టుదల. దానికి కారణం మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు.

మా ఊరికి అటు సముద్రం, ఇటు గెడ్డ, అంటే వాగు. గెడ్డ సముద్రంలో కలిసేచోటుని మొగ అంటాం. ఏడాదిలో చాలా నెలలు మొగ ఇసకతో పూడిపోయే ఉంటుంది. బోటు గెడ్డలో భద్రంగా ఉంటుంది గానీ, వేటకి పోవాలంటే మధ్యలో ఉన్న ఇసక దిబ్బ దాటించాలి. ఆ దూరం చిన్నాన్న లెక్కలో ఒక బీడీ. గెడ్డ దగ్గర వెలిగిస్తే అలల దగ్గర పారేయాలి. ఆ బీడీ దూరంలోనే మా నాన్న చనిపోయాడు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఎవరో రైతుల పెద్ద ట్రాక్టరు తెచ్చి బోటు లాగుతున్నారు. నడుపుతున్నది చిన్నాన్న. నాన్న బోటు వెనక భుజం పెట్టి తోస్తున్నాడు. దిబ్బ ఎక్కేచోట, మొగలి పొదల దగ్గర, బోటు పక్కకి ఒరిగింది. నాన్న దాని కిందికి పోయాడు. చూసినవాళ్ళు అరిచారు. ఇంజను మోతలో ఆ అరుపులు చిన్నాన్నకి "లాగు, లాగు" అన్నట్టు వినబడ్డాయి. లాగాడు.

నాన్నని ఇంటికి తెచ్చాక, గుమ్మంలో ఇసక కాళ్ళతో నిలబడ్డ చిన్నాన్నని నేను ఒక్కటే అడిగాను.

"సిన్నాన్నా, నీకు తెలీనేదా?"

ఆయన కాళ్ళకున్న ఇసక దులుపుకోసాగాడు. నేను లోపలికి పోయాను. ఆ తర్వాత నన్ను చదివించిందీ, షాపు పెట్టించిందీ, పీటల మీద కూచుని నా కన్యాదానం చేసిందీ ఆయనా పిన్నీ. నా మీద ఈగ వాలనివ్వలేదు. ఆ ప్రశ్న మాత్రం నేను మళ్ళీ అడగలేదు, వెనక్కీ తీసుకోలేదు. చిన్నపిల్లని, ఏదో అనేశాను అని సర్దుకున్నాను. పెద్దయ్యాక కూడా నోరు మెదపనందుకు ఏ సర్దుబాటూ దొరకలేదు.

చిన్నాన్న ఇరవై ఏళ్ళు ఏ ట్రాక్టరునీ ముట్టుకోలేదు. బోటుకి కర్రలు కట్టి మనుషులే భుజాల మీద మోసేవారు. ఆ భుజాలు ఒక్కొక్కటే గుజరాత్ పోయాయి, చెన్నై పోయాయి. మూడేళ్ళ కిందట చూసుకుంటే ఊళ్ళో మోయగలిగినవాళ్ళు నలుగురు మిగిలారు. ఇక బండి కొనక తప్పదని మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, పట్టుబట్టాడు. అక్కనని నన్ను అప్పా అంటాడు. వేటకి పోయేది వాడు. వాడికి పక్క ఊరివాళ్ళ దగ్గరున్నట్టు పెద్ద ట్రాక్టరు కావాలి. చిన్నాన్న అవుననలేదు, కాదనలేదు. శ్రీకాకుళం వచ్చి, నా చేత షాపు మూయించి, నన్ను షోరూముకి తీసుకుపోయాడు.

అక్కడ బళ్ళు చూపించినాయన నెరిసిన మీసాలాయన, ఓపికమంతుడు. ఎంత దూరం లాగాలని అడిగాడు. ఒక బీడీ అని చెప్తే కాసేపు ఆలోచించి, దూరం ఎంతయినా పెద్దదే తీసుకొమ్మన్నాడు. రేపు పది పనులకి పనికొస్తుందట. తనకున్నది ఒకటే పనని చిన్నాన్న చెప్పాడు. ఇంజనూ వలలూ విడిగా మోస్తారు, లాగేది ఉత్తి బోటు. పెద్దది ఇసకలో తన బరువుకి తనే కూరుకుపోతుంది, మొగలి పొదల సందులో మళ్ళదు. ఇదంతా నిజమే. కానీ చిన్నాన్న వచ్చింది ఇది చెప్పడానికి కాదు. పెద్ద ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద వేలి కణుపులతో కొట్టి, మెల్లగా అడిగాడు.

"ఎనకాల మనిషెక్కితే తెలుస్తాదా?"

"ఇద్దరెక్కినా తెలీదండి. అంత పవరు," అన్నాడు మీసాలాయన గర్వంగా.

చిన్నాన్న మొహం చూసి నేను పక్కకి తిరిగాను. ఆయన చెప్పులు విప్పి సీటెక్కాడు, స్టార్టు చేయించాడు, కళ్ళు మూసుకున్నాడు. నన్ను వెనక హుక్కు మీదికి ఎక్కమన్నాడు. ఎక్కాను. కాసేపుండి దిగాను. ఆయన కళ్ళు తెరవకుండానే, "ఎక్కవేటి?" అన్నాడు. "ఎక్కి దిగిపోయేను సిన్నాన్నా," అన్నాను. ఆయన దిగి, అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

ఓ మూల దుమ్ము పట్టి చిన్న ట్రాక్టరొకటి ఉంది. తోటల్లో కలుపు దున్నేది. దాని మీద కూచుంటే చిన్నాన్న మోకాళ్ళు పైకొచ్చాయి. మళ్ళీ స్టార్టు, మళ్ళీ కళ్ళు మూత. ఈసారి నేను దొంగలా వెళ్ళి, ఊపిరి బిగబట్టి అడుగు వేశాను.

"ఎక్కినావు. ఎడం కాలు ముందెట్టినావు," అన్నాడు.

మీసాలాయన పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గుమ్మంలో నేనడిగినదానికి చిన్నాన్న ఇరవై ఏళ్ళకి జవాబు చెప్తున్నాడని అర్థమైంది. ఆ రోజు తెలియలేదు, ఈ బండయితే తెలిసేది అంటున్నాడు. అప్పుడే చెప్పాల్సింది, చిన్నాన్నా నీ తప్పు కాదని. గొంతు దాకా వచ్చింది కూడా. ఈలోపు మీసాలాయన ఏ రంగు కావాలని అడిగాడు. మేం రంగుల గురించి మాట్లాడుకున్నాం.

తమ్ముడు ఆ బండిని చూసి బొమ్మ బండన్నాడు, తోటివాళ్ళు నవ్వుతారన్నాడు, చచ్చినా నడపనన్నాడు. వాడి పంతం వాడిది. దాంతో చిన్నాన్న రోజూ తనే నడుపుతూ, ఆదివారాలు ఊరికొచ్చే నాకు నేర్పాడు. టైర్లలో గాలి సగానికి తగ్గించాలి. మొదటి గేరు దాటకూడదు. అన్నిటికన్నా ముందు, బోటు వెనక ఎవరూ ఉండకూడదు. "అందరూ నా ముందు నడండి. నాకు అగుపడాల," అనేవాడు. పెళ్ళికొడుకుని తీసుకుపోతున్నట్టు మనుషులంతా ముందు, బోటు వెనక.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉండుంటే నాన్న పోయిన కొత్తలోనే నాకు పనికొచ్చేది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒక ఆదివారం, ఎండ బాగా ఎక్కాక, నేను నడుపుతున్నాను. చిన్నాన్న బీడీ కాలుస్తూ పక్కన నడుస్తున్నాడు. బోటు కింద రెండు చక్రాల ఇనప బండి. మొగలి పొదల దగ్గరికి వచ్చేసరికి ఇంజను మోత ఒక్కసారి కిందికి దిగింది. సీటు నా నడుముని వెనక్కి లాగినట్టయింది. చిన్నాన్న చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇన్నావా?" అన్నాడు.

ఇసక వదులుగా ఉందని చెప్పాను.

"ఇసకయితే చక్రం తిరుగుతాది, బండి కదలదు. ఇది బరువు."

ముందు నడిచేవాళ్ళు ఆగారు గానీ వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళకిది రోజూ ఉన్నదేనని అప్పుడు తెలిసింది. చిన్నాన్న బోటు వెనక్కి పోయి, అంచు మీద చేయి వేసి, లోపలికి చూశాడు. నేనూ మెడ తిప్పి చూశాను. తాడు చుట్ట, నీళ్ళు తోడే ప్లాస్టిక్ మగ్గు, అంతే.

"అన్నా, దిగు. ఇక్కడినించి నాను లాగుతాను," అన్నాడు చిన్నాన్న. కూరకి ఉప్పు చాలదని చెప్పినంత మామూలుగా అన్నాడు.

మళ్ళీ గేరు వేస్తే బండి జారినట్టు ముందుకి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బోటు నీళ్ళలో దిగాక వెనక్కి వచ్చి చక్రాల గాడిలో వేలు గుచ్చి చూశాను. పొదల దాకా రెండు కణుపులు దిగింది. పొదలు దాటాక ఒక్క కణుపే. అక్కడ నేల గట్టిగా ఉందని చెప్పుకున్నాను. ఆ నేలని మడమతో తన్నాను. అది గట్టిగా లేదు. చిన్నాన్న దూరంగా నిలబడి నన్నే చూస్తున్నాడు. ఏదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు, అంబలి తాగుదువు రమ్మన్నాడు.

నేను పదమూడేళ్ళప్పుడు అడిగినదానికి ఆయన రోజూ ఆ దిబ్బ మీద ఆగి జవాబు చెప్పుకుంటున్నాడు. నేనేమో గాడిలో వేలు పెట్టి కొలుచుకుంటున్నాను. ఆ ఆదివారం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దెక్కాక బోటు దాటించాల్సి వచ్చింది. అన్నిరోజులు వేట లేకపోతే ఇల్లు గడవదు. ఈ ఒక్కసారీ నన్ను లాగమనీ, తర్వాత ఈ బొమ్మ బండి ఇచ్చేసి పెద్దది తెచ్చుకుంటాననీ తమ్ముడు చెప్పాడు. నేను తలూపాను. టైర్ల మీద కణుపులతో కొట్టి చూసి, చెప్పులు విప్పి ఎక్కాను. అందరినీ ముందు నడవమన్నాను. తమ్ముడూ, వాడితో వేటకి పోయే ఇద్దరూ నా కళ్ళెదురుగా నడుస్తున్నారు. వెనకాల ఎవరూ లేరు. రెండుసార్లు తిరిగి చూసుకున్నాను.

మొగలి పొదల దగ్గర మోత దిగింది. ఎప్పటిలా కాదు, ఇంజను ఆగిపోతుందేమో అన్నంతగా దిగింది. పొగ నల్లగా వచ్చింది. నడుములో ఆ లాగుడు నాకు తెలిసినదానికి రెట్టింపుంది. దిగి వెనక్కి నడిచాను. ఎండలో కూడా బోటు అంచు చల్లగా తగిలింది. లోపల తాడు చుట్ట, మగ్గు. ముందు వైపు బల్ల మీద ఒకటి, వెనక బల్ల మీద ఒకటి, తడి మరకలు రెండున్నాయి. బోటు నీళ్ళు తాకి పన్నెండు రోజులైంది.

భయం వేసిందా అంటే వేసింది. కానీ చిన్నాన్నలాగా దిగమని చెప్పడానికి నోరు రాలేదు. బస్సులో ఆయన్ని ఒకరు దిగమన్నారు, అది చాలు.

"సిన్నాన్నా, నీకు తెలీనేదు. తెలిస్తే ఆపీసేవోడివి. నువ్వు అడగాలన్న మాట ఇదే గదా, ఎప్పుడో సెప్పాల్సింది నాను," అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు. "దిగొద్దు. నాన్నా, నువ్వూ దిగొద్దు. ఇద్దరూ కూకోండి. నాను లాగుతాను."

బరువు తగ్గలేదు. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, మొదటి గేరులో అలల దాకా లాగాను. ఒక బీడీ దూరానికి మూడు బీడీల సేపు పట్టింది. ఆ బరువు నడుముకి తెలుస్తూనే ఉంది. తెలుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

బోటు నీళ్ళలో తేలాక, వేటకి పోయే ఆ ఇద్దరూ దాన్ని పట్టుకుని నిలబడితే, తమ్ముడు వెనక్కి వచ్చాడు. వాడు నన్ను చూడలేదు, గాడిని చూశాడు.

"ఏటెట్టినావప్పా బోటులోన?"

ఏమీ లేదన్నాను. కూచుని వేలు గుచ్చాను. మొదలుదాకా దిగిపోయింది. దిబ్బ మీదనించి నీళ్ళ అంచు దాకా రెండు గాళ్ళూ అదే లోతున ఉన్నాయి, మధ్యలో ఎక్కడా తేలిక కాలేదు. వాడు మెల్లగా అడిగాడు, ఆ బండిలో వెనక మనిషెక్కితే నిజంగానే తెలుస్తుందా అని. షోరూములో జరిగినది నేను వాడికెప్పుడూ చెప్పలేదు. కూచుని చూసుకో, నేను ఎక్కుతానని చెప్పాను.

వాడు మొదటిసారి ఆ సీటు మీద కూచున్నాడు. వాడి మోకాళ్ళు కూడా పైకొచ్చాయి. స్టార్టు చేశాడు. నేను చెప్పకుండానే కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కినావప్పా," అన్నాడు. "ఎడం కాలు ముందెట్టినావు."

నేనింకా నాలుగు అడుగుల దూరంలో, గాడిలోంచి తీసిన వేలికి ఇసక దులుపుకుంటూ నిలబడి ఉన్నాను.