లెమ్ తాత సగం పేజీ

మా పక్కింటి పెద్దాయన పోయారు. మేముండే ట్రాయ్‌లో మంచు కరగడం మొదలైన వారంలోనే, నిద్రలోనే వెళ్ళిపోయారని ఆయన కూతురు వచ్చి చెప్పింది. నేను ఇంట్లోంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి విన్నాను, రెండో చెవిలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆయన లెమ్కో భాషలో కవి. పోలండ్ కొండల్లో ఉండే చిన్న జాతి వాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించి చెదరగొట్టారు. ఆ భాషలో ఆయన గరాజ్‌లో కూర్చుని ఒక చిన్న పత్రిక నడిపేవారు. "చందాదారుల్లో సగం మందికి చదవడం రాదు. తాతల మీద గౌరవంతో తెప్పించుకుంటారు. పోనీలే, పొయ్యి రాజేసుకోవడానికైనా పనికొస్తుంది" అని నవ్వేవారు.

మేం ఈ ఇంట్లోకి వచ్చిన చలికాలం, నేను లేచేసరికే మా డ్రైవ్‌వే మీద మంచు ఆయన తీసేశారు. థ్యాంక్స్ చెబుదామని వెళితే టీ ఇచ్చి, తమ జాతి పేరు వెనక కథ చెప్పారు. వాళ్ళ మాటలో 'లెమ్' అంటే 'మాత్రమే'. నోరు తెరిస్తే లెమ్ అంటారని ఇరుగుపొరుగు వెక్కిరించేవారట. ఆ వెక్కిరింతే పేరయి కూర్చుంది.

"మరి నిన్ను దేనికి వెక్కిరించారు?" అన్నారు, అందరికీ ఒకటి ఉండి తీరాలన్నట్టు.

నాకూ ఉంది. మాది కోనసీమ. హైదరాబాద్ హాస్టల్లో నా 'ఆయ్' విని గదంతా పడీ పడీ నవ్వితే, నెల తిరిగేలోపు దాన్ని నోట్లోంచి పీకేశాను. అది విని ఆయన కుర్చీలో ముందుకు వంగి, "అయితే నువ్వు ఆయ్కోవి" అన్నారు. ఆ రోజు నుంచీ కంచె అవతల నుంచి "ఆయ్" అనే పిలుపు. మా పాపకి ఆయన లెమ్ తాత.

కిందటేడు పత్రికలో సగం పేజీ నాకిచ్చారు. మా అమ్మమ్మ మాట్లాడినట్టు ఏదైనా రాస్తే, తెలుగు ఒకవైపు, నేను అర్థం చెబితే తన లెమ్కో అనువాదం ఒకవైపు వేస్తానన్నారు. నేను ఇస్త్రీ చీర లాంటి తెలుగు రాసి పట్టుకెళ్ళాను. పైకి చదివించుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"బాగుంది. ఆయ్ ఏదీ?"

"అది రాతలో వేయరు. చదివేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. మేం అలాగే మిగిలాం. మళ్ళీ రాయి, ఆ సగం పేజీ నీదే."

ఈ వీకెండ్ అన్నాను. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యాక అన్నాను. టైమ్ లేక కాదు. రాయడానికి కూర్చుంటే అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది, ఆ గొంతుకి సిగ్గుపడింది నేనే కదా. ఆయన మళ్ళీ అడగలేదు, అదే ముల్లయింది. చివరికి గరాజ్‌లో ఆయన కనబడితే కారు అద్దం దించకుండానే చెయ్యూపి లోపలికి పోయేదాన్ని.

మొన్న ఆయన కూతురు ఆఖరి సంచిక ప్రూఫులు తెచ్చింది. "డాడీ భాష నాకు రాదు. నేర్పిస్తానంటే సాకర్‌కి పారిపోయేదాన్ని" అంది. "అన్నీ నిండాయి, ఇదొక్కటే ఖాళీ. నీదని చెప్పారు."

ఇప్పుడు నేను రాసినా తెలుగు వైపే నిండుతుంది. రెండో వైపు రాయాల్సిన మనిషి లేరు. అయినా కూర్చున్నాను. అమ్మమ్మ అన్నట్టే పైకి అనుకుంటూ మొదటి మాట రాశాను. "ఆయ్, వత్తన్నానండి."

పాప హోంవర్క్ మీంచి తలెత్తింది.

"అమ్మా, నీకు లెమ్ తాత లాంగ్వేజ్ వచ్చా?"